పాడి ఆవుల పొదుగు ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పొదుగువాపు గురించినవే. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న ప్రశ్నలను ఎంచుకొని జవాబులు రాస్తున్నాను. దాదాపు అందరూ మందు పేరు అడిగారు. పాలు ఎలా పితుకుతున్నారో మాత్రం ఒకరిద్దరే రాశారు. నా అనుభవంలో జవాబులో పెద్ద భాగం ఆ రాయని విషయంలోనే ఉంటుంది.

ప్రశ్న: మా ఆవు పాలలో మూడు రోజులుగా సన్నని తరకలు కనిపిస్తున్నాయి. పొదుగు ఎర్రబడలేదు, జ్వరం లేదు, మేత బాగానే తింటోంది. దీన్ని పొదుగువాపు అనుకోవాలా?

జవాబు: అనుకోవాలి. వ్యాధి పేరులోనే వాపు ఉండటం వల్ల, పొదుగు ఉబ్బి, ముట్టుకుంటే ఆవు తన్నేదాకా వ్యాధి రాలేదని చాలామంది పొరబడతారు. నిజానికి పాలలో తరకలు, గడ్డలు, నీళ్లదనం, రంగు మార్పు, వీటిలో ఏది కనిపించినా లోపల వ్యాధి మొదలైనట్టే. పాలు మాత్రమే మారితే తేలిక దశ. పాలతో పాటు పొదుగు గట్టిపడి వేడెక్కితే మధ్యస్థ దశ. ఆవు జ్వరపడి మేత మానేస్తే తీవ్ర దశ. మీ ఆవు తేలిక దశలో ఉంది. అయితే మూడు రోజులు ఊరుకోవడం మాత్రం మంచిది కాదు.

ఆవు పొదుగు పైకి ఒకే సంచిలా కనిపించినా లోపల నాలుగు వేర్వేరు భాగాలుగా ఉంటుంది. ఒక భాగంలోని పాలు పక్క భాగంలోకి వెళ్లే దారి లేదు. అందువల్ల పాలలోని సూక్ష్మజీవులు ఒక చన్ను నుంచి మరో చన్నుకు సాధారణంగా లోలోపల పాకవు. పితికే చేతి మీదుగా, తుడిచే గుడ్డ మీదుగా, యంత్రపు కప్పు మీదుగా బయటి నుంచే వెళ్తాయి. కాబట్టి ముందుగా ఏ చన్ను చెడిందో తేల్చుకోండి. ఒక్కొక్క చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలను నల్లని అడుగున్న గిన్నెలోకి విడివిడిగా పితికి చూడండి. నలుపు మీద ఆవగింజంత తరక అయినా తెల్లగా తేలి కనిపిస్తుంది. ఈ ధారలను ఎప్పుడూ అరచేతిలోకి పితకవద్దు. ఆ చేయే తర్వాతి చన్నును పట్టుకుంటుంది.

చెడిన చన్ను తెలిశాక పశువైద్యుని పిలిపించి, మందు ఎక్కించకముందే పాల నమూనా తీయించండి. చనుమొనను 70 శాతం ఆల్కహాలులో తడిపిన దూదితో, దూదికి మురికి అంటడం ఆగేంత వరకూ తుడిచి, మొదటి ధారలు పారబోసి, శుభ్రమైన సీసాను ఏటవాలుగా పట్టుకొని కొద్దిగా పాలు తీసి, చల్లగా ఉంచి పంపితే చాలు. తేలిక దశలో ఉన్న ఆవుకు పరీక్ష ఫలితం కోసం ఒక రోజు ఆగినా సాధారణంగా నష్టం ఉండదు. సూక్ష్మజీవి ఏదో తెలియకుండా వేసిన యాంటీబయాటిక్ చాలాసార్లు అవసరం లేనిదే అవుతుంది. ఈలోగా ఆ ఆవును అన్నిటికన్నా చివర పితికి, చెడిన చన్ను పాలను మిగతా పాలలో కలపకుండా పారబోయండి.

ప్రశ్న: మా ఆవుల పొదుగులు మెత్తగా ఉన్నాయి, పాలు తెల్లగానే ఉన్నాయి. అయినా పాలలో కణాల సంఖ్య ఎక్కువగా ఉందని పరీక్షలో తేలింది. ఈ కణాలు ఏమిటి? కంటికి కనిపించని వ్యాధిని మేమే కనిపెట్టే మార్గం ఉందా?

జవాబు: వీటిని సొమాటిక్ కణాలు అంటారు. వ్యాధి సోకిన చన్నులో ఇవి అధిక భాగం తెల్లరక్తకణాలే. సూక్ష్మజీవులతో పోరాడడానికి రక్తం నుంచి పాలలోకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలలో మిల్లీలీటరుకు సాధారణంగా 1,00,000 కన్నా తక్కువే ఉంటాయి. సంఖ్య 2,00,000 దాటితే ఆ పొదుగులో సూక్ష్మజీవులు ఉన్నట్టు బలంగా అనుమానించాలి. మనుషుల వినియోగానికి అమ్మే మొత్తం పాలలో ఈ కణాలు 4,00,000 మించరాదని ఐరోపా సమాఖ్య, 7,50,000 మించరాదని అమెరికా నియమం పెట్టుకున్నాయి.

మీ ఆవులకు ఉన్నది పైకి కనిపించని పొదుగువాపు. మందలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. పాలు తయారుచేసే కణజాలం మెల్లగా దెబ్బతిని, పాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి. మేత చాలలేదనో, ఈత ముదిరిందనో మనం సర్దిచెప్పుకుంటాం. పైగా ఆ ఆవు ప్రతి పూటా మిగతా ఆవులకు వ్యాధిని పంచుతూ ఉంటుంది.

దీన్ని కొట్టంలోనే కనిపెట్టే పరీక్ష 1957 నుంచి వాడుకలో ఉంది. దాన్ని కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్ష అంటారు. తెడ్డు లాంటి పలకలో నాలుగు గుంటలు ఉంటాయి, ఒక్కో చన్నుకు ఒక్కో గుంట. మొదటి ధారలు పారబోశాక ప్రతి గుంటలోకి సుమారు 2 మిల్లీలీటర్ల పాలు తీసి, అంతే పరిమాణంలో ఊదారంగు ద్రావణం కలిపి, పలకను బల్లపరుపుగా పట్టుకొని మెల్లగా గుండ్రంగా తిప్పాలి. పది సెకన్లలోనే తేడా తెలుస్తుంది. మంచి పాలు నీళ్లలా అటూ ఇటూ జారిపోతాయి. వ్యాధి ఉన్న పాలు మొదట అడుగున జిగురు తీగలు సాగి, ఆ తర్వాత చిక్కని గంజిలా అవుతాయి. తీవ్రంగా ఉంటే ముద్దలా నడుమకు చేరి, పలకను వంచినా గబుక్కున జారవు. ఆ ద్రావణం కణాలను పగలగొట్టగా బయటపడిన డీఎన్ఏ పోగుపడటం వల్లనే ఈ జిగురు వస్తుంది. కణాలు ఎన్ని ఎక్కువుంటే జిగురు అంత చిక్కన. కొద్ది సెకన్లు గడిస్తే జిగురు విడిపోతుంది కనుక ఫలితాన్ని తిప్పుతుండగానే చూడాలి.

ఈనిన మొదటి కొద్ది రోజుల్లోనూ, వట్టిపోయే ముందూ నాలుగు చన్నుల్లోనూ కణాలు సహజంగానే పెరుగుతాయి. అప్పుడు చన్నుల మధ్య తేడాను చూడండి. మూడు ఒకలా ఉండి ఒకటి వేరుగా ఉంటే ఆ ఒక్కదాన్నే అనుమానించాలి. నెలకు ఒకసారి ప్రతి ఆవుకూ ఈ పరీక్ష చేసి, నాలుగు చన్నుల ఫలితాలనూ విడివిడిగా ఒక పుస్తకంలో రాసి పెట్టండి. మూడు నెలల రాత ఎదుట ఉంటే, మీ ఆవులను ఎన్నడూ చూడని వైద్యుడు కూడా సగం జవాబు అక్కడికక్కడే చెప్పగలడు.

ప్రశ్న: మా ఇంట్లో ఎవరికి వీలుంటే వారు పాలు పితుకుతారు. పొదుగులు కడిగి, తడిగుడ్డతో తుడిచే పితుకుతాం. అయినా ఒక ఆవు తర్వాత ఒక ఆవుకు పొదుగువాపు వస్తోంది. ఎక్కడ లోపం జరుగుతోంది?

జవాబు: మీ ఉత్తరంలో "తడిగుడ్డ" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఎన్ని గుడ్డలు వాడుతున్నారో మీరు రాయలేదు. ఒకటే అయితే లోపం అక్కడే ఉంది.

నేను చూసిన ఒక కొట్టంలో నేల అద్దంలా ఉండేది, ఆవులు శుభ్రంగా ఉండేవి. తలుపు పక్కన బకెట్‌లో ఒక గుడ్డ నానుతూ ఉండేది. వరుసలో మొదటిది ముసలి ఆవు. దాని కుడివైపు వెనక చన్ను చాలాకాలంగా రాయిలా గట్టిపడి ఉంది. ప్రతి పూటా ఆ గుడ్డ ఆ చన్నును తుడిచి, బకెట్‌లో మునిగి, తర్వాతి ఆవు దగ్గరకు వెళ్లేది. ఆ ఇంటివారు కష్టానికి వెనకాడేవారు కారు. ఆ కష్టమే వ్యాధిని ఆవు నుంచి ఆవుకు మోసుకుపోతోందని వారికి ఎవరూ చెప్పలేదు. వరుసను తిప్పి, ఆవుకొక గుడ్డ పెట్టి, పితికాక చన్నులను అయోడిన్‌లో ముంచడం మొదలుపెట్టాక కొత్తగా చన్నులు చెడటం తగ్గింది.

పొదుగువాపు తెచ్చే సూక్ష్మజీవులు రెండు తీరులు. స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే వంటివి వ్యాధి ఉన్న చన్నులోనే కాపురముండి, పాలు పితికే సమయంలో ఇతర చన్నులకు అంటుకుంటాయి. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, స్ట్రెప్టోకాకస్ యూబెరిస్ వంటివి పేడలో, తడి నేలలో, పడకలో పెరిగి, ఆవు పడుకున్నప్పుడు చనుమొన గుండా ఎక్కుతాయి. మొదటి రకాన్ని పితికే పద్ధతితో, రెండవ రకాన్ని పొడి పడకతో అడ్డుకోవాలి. ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

పితికే ముందు చేతులు సబ్బుతో కడుక్కొని, వీలైతే చేతి తొడుగులు వేసుకోండి. పొదుగుకు బురద అంటితే తప్ప మొత్తం పొదుగును కడగకండి. పైనుంచి కారిన మురికినీరు చనుమొన కొసకే చేరుతుంది. చన్నులను మాత్రమే శుభ్రం చేసి, మొదటి ధారలు చూసి, క్రిమిసంహారక ద్రావణంలో ముంచి అరనిమిషం ఉంచిన తర్వాత, ఆ ఆవుకే కేటాయించిన పొడిగుడ్డతో చనుమొన కొస వరకూ ఒత్తి తుడవండి. తడి చన్నును ఎప్పుడూ పితకకూడదు. ఈ పని జరుగుతుండగానే ఆవు చేపుతుంది. చన్నులకు తగిలిన స్పర్శతో మెదడు నుంచి విడుదలైన, పాలు దిగేలా చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోను సుమారు ఒక నిమిషం నుంచి నిమిషంన్నరలో పొదుగులో పనిచేయడం మొదలుపెడుతుంది. దాని బలం కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక ఆలోగా పితకడం ముగియాలి. అరుపులు, దెబ్బలు, కొత్త మనిషి, కుక్క, దేనివల్లనైనా ఆవు బెదిరితే చేపు ఆగిపోతుంది, పాలు లోపలే మిగిలిపోతాయి. మీ ఇంట్లో రోజుకొకరు పితకడాన్ని మార్చుకోమనడానికి ఇదొక కారణం.

చేత్తో పితికేవారు నాలుగు వేళ్లతో, అరచేతితో పిడికిలి పట్టి పితకాలి. బొటనవేలు మడిచి, దాని కణుపుకు చన్నును అదిమి లాగే అలవాటు చన్ను లోపలి పొరను నలిపి గాయం చేస్తుంది. ఏళ్ల తరబడి అలా పితికిన చన్నులలో లోపల గట్టి తాడులాంటిది చేతికి తగులుతుంది. పాలతో వేళ్లు తడుపుకొని పితకడం కూడా మానాలి. యంత్రం వాడేవారు కప్పులు తీసే ముందు తప్పనిసరిగా వాక్యూమ్ ఆపాలి. కప్పుల లోపలి రబ్బరు తొడుగులను తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం, సాధారణంగా సుమారు 2,500 పితుకుళ్లకు ఒకసారి, పగుళ్లు కనిపించకపోయినా మార్చాలి.

చివరి పని అన్నిటికన్నా ముఖ్యమైనది, జనం ఎక్కువగా వదిలేసేదీ అదే. పాలు పితకడం ముగిసిన వెంటనే ప్రతి చన్నునూ 0.5 నుంచి 1 శాతం అయోడిన్ ఉండి, చన్నుల కోసమే తయారుచేసిన ద్రావణంలో ముంచాలి. కొసను మాత్రమే తాకిస్తే చాలదు, చన్నులో మూడింట రెండు వంతులైనా మునగాలి. పితికాక చనుమొన రంధ్రం వెంటనే మూసుకోదు. పూర్తిగా బిగుసుకోవడానికి అరగంట నుంచి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో ఆవు పేడలో పడుకుంటే తెరిచి ఉన్న ద్వారం నేలకు తగులుతుంది. అందుకే పితికిన వెంటనే దాని ముందు తాజా మేత వేయండి, తింటూ నిలబడుతుంది. ఖర్చు లేని ఈ జాగ్రత్తను నేను ఎన్నిసార్లు చెప్పినా విసుగు చెందను.

ప్రశ్న: ఈని నాలుగు రోజులైన ఆవు నాలుగు చన్నుల నుంచీ గులాబీ రంగు పాలు వస్తున్నాయి. భయపడాలా?

జవాబు: సాధారణంగా అవసరం లేదు. ఈనే సమయంలో పొదుగుకు రక్తం ఉధృతంగా వచ్చి సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. చాలా ఆవులలో ఒకటి రెండు వారాల్లో అదే తగ్గిపోతుంది. మెత్తగా పితకండి. ఒకే చన్ను నుంచి రక్తపు గడ్డలు వస్తున్నా, ఆ చన్ను వేడిగా, నొప్పిగా ఉన్నా, అది దెబ్బో వ్యాధో కావచ్చు కనుక చూపించండి.

ప్రశ్న: తొలిచూలు పెయ్యకు ఈనకముందే పొదుగు, పొట్ట అడుగు భాగం బాగా ఉబ్బాయి. నొక్కితే గుంట పడుతోంది. ఇది పొదుగువాపు వ్యాధేనా?

జవాబు: గుంట పడి మెల్లగా పూడుకునేది నీరు చేరిన ఉబ్బు. తొలిచూలు పెయ్యలలో ఇది ఎక్కువ, ఈనాక మెల్లగా తగ్గుతుంది. రోజూ కొంతసేపు నడిపించండి, దాణాలో ఉప్పు తగ్గించండి, పొదుగును కింది నుంచి పైకి మెల్లగా రాయండి. ఉబ్బిన పొదుగు తొడల మధ్య ఒరుసుకొని పుండు పడకుండా చూడటం ముఖ్యం. వేడి, ఎరుపు, నొప్పి, ఒకవైపే గట్టిదనం ఉంటే అది వేరే సంగతి.

ప్రశ్న: ఒక ఆవుకు ఒకే చన్నుకు ఏడాదిలో నాలుగుసార్లు పొదుగువాపు వచ్చింది. ప్రతిసారీ చన్నులోకి ట్యూబు మందు ఎక్కిస్తే తగ్గి మళ్లీ వస్తోంది. మందు మార్చాలా?

జవాబు: మందు మార్చే ముందు సూక్ష్మజీవి ఏదో తెలుసుకోవాలి. మీరు రాసిన తీరు స్టెఫైలోకాకస్ ఆరియస్‌ను గుర్తుచేస్తోంది. ఇది పొదుగు కణజాలంలోకి చొచ్చుకుపోయి, చుట్టూ గట్టి పొర కట్టిన చిన్న చీముగడ్డలలో దాక్కుంటుంది. మందు పాలలోని సూక్ష్మజీవులను చంపుతుంది, గోడ వెనక ఉన్నవాటిని చేరలేదు. తరకలు తగ్గగానే నయమైందనుకుంటాం. కొన్ని వారాలకు గోడ చీలి మళ్లీ బయటపడుతుంది. చిన్న వయసు ఆవులో, కొత్తగా సోకిన ఒక చన్నులో నయమయ్యే అవకాశం ఉంటుంది. ముసలి ఆవులో, చన్ను గట్టిపడ్డాక ఆ అవకాశం చాలా తక్కువ. అప్పుడు ఆ చన్నును వైద్యుని సలహాతో శాశ్వతంగా ఎండగట్టడమో, ఆవును మందలో నుంచి తీసేయడమో ఆలోచించాలి. పేరు పెట్టి పిలుచుకున్న ఆవు విషయంలో ఇది ఎంత బాధో నాకు తెలుసు. అయినా నయం కాని ఒక చన్ను కోసం మిగతా ఆవుల పొదుగులను పణంగా పెట్టమని నేను చెప్పలేను.

ట్యూబు ఎక్కించే తీరు కూడా ఒకసారి చూసుకోండి. ఆల్కహాలుతో చనుమొన తుడవకుండా ఎక్కిస్తే, మందుతో పాటు బయటి మురికినీ లోపలికి తోసినట్టే. ఈస్టు వంటి శిలీంధ్రాలు ఇలాగే చేరతాయి, వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. ట్యూబు కొసను కొద్ది మిల్లీమీటర్లే చొప్పించండి, పూర్తిగా దింపకండి. చనుమొన రంధ్రం లోపల సూక్ష్మజీవులను అడ్డుకునే కెరటిన్ పొర దానివల్ల చిరిగిపోతుంది.

ప్రశ్న: పాలు ఆపేసిన రెండు నెలల కాలంలో పొదుగు జోలికి వెళ్లనవసరం లేదని విన్నాం. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఈనడానికి ముందు 45 నుంచి 60 రోజుల విశ్రాంతి పొదుగుకు అవసరమే. కానీ కొత్త వ్యాధులు సోకే ముప్పు ఆ కాలపు తొలి రెండు వారాలలో, చివరి రెండు వారాలలో చాలా ఎక్కువ. పితకడం ఆగిన పొదుగులో పాలు నిలుస్తాయి, చనుమొన వెంటనే బిరడా పడదు. పాలు ఆపే ముందు దాణా తగ్గించి దిగుబడిని దించండి. చివరి పితుకుడు తర్వాత పరీక్షలో వ్యాధి తేలిన ఆవులకు వైద్యుడు సూచించిన దీర్ఘకాలపు మందు వేయించి, ఆరోగ్యంగా ఉన్నవాటికి చన్నును లోపలి నుంచి మూసే బిస్మత్ సీలెంటు మాత్రమే వేయించవచ్చు. అన్ని ఆవులకూ అలవాటుగా యాంటీబయాటిక్ వేయడం ఒకప్పుడు సాధారణం. సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా పోతున్నందున ఐరోపా సమాఖ్య 2022 జనవరి 28 నుంచి అలాంటి వాడకాన్ని నిషేధించింది. ఈ నియమం లేనిచోట కూడా దీన్ని పాటించడం మంచిదని నా అభిప్రాయం. విటమిన్ ఈ, సెలీనియం చాలినంతగా అందేలా చూడండి. అవి తక్కువైతే తెల్లరక్తకణాల పోరాటశక్తి తగ్గుతుంది. ఈనిన వెంటనే కాల్షియం పడిపోయిన ఆవులో చనుమొన కండరం బిగువు తగ్గి, ఆవు నేలకు అతుక్కుపోయి, పొదుగువాపు సులువుగా వస్తుంది.

ప్రశ్న: నిన్న సాయంత్రం బాగున్న ఆవు తెల్లవారేసరికి లేవడం లేదు. ఒక చన్ను నుంచి పసుపు రంగు నీళ్లలాంటివి వస్తున్నాయి. చెవులు చల్లగా ఉన్నాయి. ఇలాంటప్పుడు ముందుగా ఏం చేయాలి?

జవాబు: ఉత్తరం రాసే వ్యవధి లేని సందర్భం ఇది. ఈనిన కొత్తలో, ఇలా రాత్రికి రాత్రే వచ్చేది తరచుగా ఈ.కోలై పొదుగువాపు, సూక్ష్మజీవుల కన్నా వాటి విషమే ఆవును పడగొడుతుంది. వెంటనే పశువైద్యుని పిలవండి. సెలైన్, వాపును, జ్వరాన్ని తగ్గించే మందులు గంటల్లో పడాలి. కాల్షియం లోపం కూడా కలిసి ఉందేమో ఆయనే చూడాలి. ఆయన వచ్చేలోగా ఆవును పొడి పడక మీద రొమ్ము ఆనేలా కూర్చోబెట్టి, ముందు శుభ్రమైన నీరు పెట్టండి. మగతగా ఉన్న ఆవు నోట్లో బలవంతంగా ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రశ్న: చెడిన చన్ను పాలను బాగా మరిగించి వాడుకోవచ్చా? లేకపోతే దూడకైనా పట్టవచ్చా?

జవాబు: రెండూ వద్దు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. కానీ స్టెఫైలోకాకస్ ఆరియస్ పాలలో వదిలిన విషం వేడికి చెడదు. ఆ పాలు తాగినవారికి వాంతులు పట్టుకుంటాయి. యాంటీబయాటిక్ వేసిన ఆవు నాలుగు చన్నుల పాలనూ, మందు పెట్టె మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా పారబోయాలి, ఎందుకంటే ఒక చన్నులో వేసిన మందు రక్తం ద్వారా మిగతా చన్నులకూ చేరుతుంది. చివరి మోతాదు వేసిన రోజు, పూట పుస్తకంలో రాసి, పితికేవారందరికీ కనిపించేలా ఆ ఆవు కాలికి ఒక రంగు పట్టీ కట్టండి. దూడకు ఈ పాలు పడితే దాని పేగుల్లోనే మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. పైగా కలిసి ఉండే పెయ్యదూడలు ఒకదాని చన్నులను ఒకటి చీకితే, ఆ పాలు అంటిన నోటి నుంచే ఇంకా పాలు ఎరుగని చన్నులకు సూక్ష్మజీవులు చేరతాయి. పారబోసే పాలను కొట్టంలో, పడక దగ్గర పోయకుండా దూరంగా గుంటలో పోసి మట్టి కప్పండి.